దానికి ముందేమైంది?

నాలుగు రోజుల నుంచి పేపరు తిరగేస్తున్న. జిల్లా పేజీలైతే రెండేసి మాట్లు చదివిన. ఎవరో లీడరు పుట్టినరోజుకు అరపేజీ శుభాకాంక్షలు. రైసుమిల్లుకు కొబ్బరికాయ కొడుతుంటే ఫోటో. తప్పిపోయిన బర్రె గురించి సుత నాలుగు వరుసలు పడ్డయి. ఆమె గురించి మాత్రం ఒక్క వరుస లేదు. కామారెడ్డిల బతికి, కామారెడ్డిల చచ్చిపోయిన మనిషికి కామారెడ్డి పేపరుల జాగ దొరకలే.

అందుకే నేనే రాస్తున్న. నువ్వెవనివి రాయనీకే అంటరేమో, చెప్త. ఎల్లారెడ్డి దగ్గరి ఒక ఊరి హైస్కూలుల ముప్పై మూడేండ్లు చప్రాసీగ చేసి, రెండేండ్ల కింద రిటైరైన. గంట కొట్టుడు, గదులు తెరుసుడు, నోటీసు బుక్కు తరగతులు తిప్పుడు నా పని. ఒక్కనాడన్న బెంచీ మీద కూసొని పాఠం విన్నోన్ని కాదు. కిటికీ బయట నిలబడి అక్షరాలు పట్టుకున్న. పటాల ఎనక అంటియ్యనీకే తెచ్చిన పాత పేపర్లన్ని అంటియ్యకముందే చదివిన. పరీక్షలైనంక తూకానికి పోయే జవాబు కాగితాలు సుత వదల్లే. వాటిల పిల్లలు చేసిన తప్పులు నాకెరుక, దిద్దిన సార్లు చేసిన తప్పులు ఇంకా బాగ ఎరుక. మరిచిపోవుడు నాకు రాదు. అది మంచి గుణమో చెడ్డ గుణమో మీరే చూస్తరు.

ఆమె పేరు రాయను. గ్రూపు ఫోటో అంటే చాలు అందరి ఎనకకు పోయి నిలబడే మనిషి. పేరు రాస్తే ఎక్కడున్నా కోపం చేస్తది.

మనిషి పొడుగు, బక్కపానం. నలిగిన కాటన్ చీర, చేతిల ఒక కమ్మి ఇరిగిన గొడుగు. ఆ ఇరిగిన కమ్మిని బాగ చేయించుకోలే, ఆ దిక్కు తడుసుకుంటనే ఏండ్లకేండ్లు తిరిగింది. దగ్గు గోలీలు వచ్చే చిన్న రేకు డబ్బాల సోంపు పోసుకొని, కొంగుకు ముడేసుకునేది. ఎవరితోనన్న మాట తెగకపోతే, లేకుంటే ఎదుటి మనిషికి ఏడుపొస్తే, ఆ డబ్బా మూత టక్కున తీసి ఇంత సోంపు చేతుల పోసేది. మాట్లాడకుండ నమలాల్సిందే. నమిలేటాళ్లకు కోపం సగం పోయేది.

ఊరు మద్నూర్ దిక్కు. ఇంట్ల మరాఠీ, బయట తెలుగు. అందుకే తెలుగు నడుమ 'బరం' అనే మాట పడుతుండె. సరే అని దాని అర్థం. ఎవరేం చెప్పినా ముందుగల 'బరం' అంటది, తల ఎడమకు ఒంచుతది, 'దానికి ముందేమైంది?' అని అడుగుతది. ఒకనాడు ఎల్లారెడ్డి బస్సుల కండక్టరు ఒక ముసలవ్వ మీద గయ్యిమని లేచిండు. ఈమె సీట్లకెల్లి తల ఒంచి, "అన్నా, దానికి ముందేమైంది?" అన్నది. "దానికి ముందా? దానికి ముందు నువ్వు సుత టికెట్ తీస్కోలే మేడం" అన్నడు కండక్టరు. బస్సంత నవ్వింది. అందరికంటే ఎక్కువ ఆమెనే నవ్వింది, నవ్వుకుంటనే సంచిల చెయ్యి పెట్టి దేవులాడింది.

మా సార్లు ఆమెకు 'ముందు మేడం' అని పేరు పెట్టిండ్రు. ఎక్కడికైనా గంట ఆలస్యంగ వచ్చే మనిషికి ఆ పేరు. తొవ్వల ఎవరు పలకరిస్తే వాళ్ళ కాడ నిలబడేది, బస్సు పోయేది.

ఆమె పని బడులల్ల పని చేసేటోళ్ళకు ట్రైనింగ్ ఇచ్చుడు. చదువు చెప్పుడు గురించి కాదు, పిల్లల మనసు గురించి. పిల్లల తీరు చూసి లోపల ఏం నొస్తున్నదో పసిగట్టుడు, పసిగట్టి ఏం చేయాలె, ఎవరి దగ్గరికి తోలాలె అనేది. ఏదో సంస్థ పంపింది, సర్కారు సరే అన్నది. రెండువేల తొమ్మిది వానాకాలంల కామారెడ్డిల ఒక బడి హాలుల మూడు రోజులు పెట్టిండ్రు. ఒక్కో బడికెల్లి ఇద్దరు పోవాలె. మా బడిల లెక్కల సారు పేరు రాసిండ్రు, ఆయన ఎనిమిదో తరగతికి క్లాసు టీచరు. రెండో మనిషి దొరకలే. ఒకాయనకు నడుము నొప్పి లేచింది, ఒకామెకు పెండ్లి పిలుపొచ్చింది. ఆఖరికి హెడ్మాష్టర్ సారు, "నర్సయ్యా, నువ్వు పోయి కూసో. తలకాయల లెక్క సరిపోతే చాలు" అన్నడు. నా తలకాయకు వాళ్ళిచ్చిన ఇలువ అంత.

హాలు దర్వాజ కాడ రిజిస్టరు పట్టుకున్న గుమాస్తా ఆపిండు.

"ఏ బడి? సారు ఎక్కడ?"

"నేనే వచ్చిన."

"నువ్వు సారువా?"

"చప్రాసీని."

"చప్రాసీలకు ట్రైనింగా! బాగనే ఉన్నది. రేపు కుర్సీలకు సుత ఇస్తరు."

సార్లంత కిసకిస నవ్విండ్రు. మా లెక్కల సారు నన్ను ఎరుగనట్టు అటు మొఖం పెట్టిండు. అప్పుడే సగం తడిసిన చీరతోని ఆమె వచ్చింది, ఎప్పటి లెక్కనే ఆలస్యంగ. సంగతి విన్నది. "బరం. కాగితంల ఏమున్నది, చదువుండ్రి" అన్నది గుమాస్తాతోని.

"బడి సిబ్బంది ఇద్దరు అని ఉన్నది మేడం."

"ఉపాధ్యాయులు అని ఉన్నదా?"

"లేదు."

"ఆ కాగితం నేనే రాసిన. ఊకెనే రాయలే." నా దిక్కు తిరిగింది. "లోపలికి రాండ్రి అన్నా. పొద్దుగాల పిల్లలు బడిల అందరికంటే ముందు చూసేది మీ మొఖమే గద."

ఆనాటిదంక నా నౌకరిల 'మీరు' అనే మాట నేను వాడుడే గని నా మీద ఎవరు వాడలే.

మొదటి రోజు పాఠం చెప్పలే. స్టేజీ మీద కుర్సీ ఉంటే దాన్ని పక్కకు జరిపి, పిల్లల బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకొని కూసున్నది. అందరికి తలా ఒక కాగితం ఇచ్చి, "మీ తరగతి పిల్లల పేర్లు యాది చేసి రాయుండ్రి. రిజిస్టరు చూడొద్దు" అన్నది. సార్లు నవ్వుకుంట మొదలు పెట్టిండ్రు. పావుగంటకు నవ్వు ఆగింది. ఫస్టు వచ్చేటోళ్ళు యాదికొచ్చిండ్రు, అల్లరి చేసేటోళ్ళు యాదికొచ్చిండ్రు. నడిమిట్లోళ్ళు రాలే. మా లెక్కల సారు ఎనిమిదో తరగతి నలభై ఒక్కమందిల ఇరవై తొమ్మిది రాసిండు. ముప్పైయో దాని కాడ 'ఫిట్సు పిల్ల' అని రాసిండు. పేరు తట్టలే.

నేను నలభై ఒక్కటి రాసిన. ఇంటిపేర్లతో సహా. ఎవరి నాయన గల్ఫుకు పోయిండు, ఎవరి అవ్వ బీడీలు చేస్తది, అది సుత రాసిన. ఆమె నా కాగితం చదివి మెచ్చుకోలే. లెక్కల సారును తిట్టలే. ఆయన కాగితం మీద 'ఫిట్సు పిల్ల' కాడ వేలు పెట్టి, "పేరు రాని పిల్లలున్నరు గద సార్, ఇగ రేపటి సంది వాళ్ళనే చూడుండ్రి" అన్నది.

తర్వాత చెప్పిన మాట నాకు పొల్లుపోకుంట యాదికున్నది. "కాల్ల ముల్లు ఇరిగినోడు కుంటుతడు. ఎందుకు కుంటుతున్నవురా అని కొడ్తమా? మనసుల గుచ్చుకున్నది సుత ఎక్కడో ఒకకాడ బయట పడ్తది. ఒకడు పుస్తకం చింపుతడు, ఒకతి మాట్లాడుడు బంద్ చేస్తది, ఒకతి పడిపోతది. మందిచ్చేది డాక్టరు. మొట్టమొదలు చూసేది మాత్రం బడిల ఉన్నోళ్ళు." అని, తలా ఒక నలభై పేజీల నోటుబుక్కు ఇచ్చింది. ఏదన్న జరిగితే అందుల మూడే మాటలు రాయాలె. ఏమైంది, ఎవరున్నరు, దానికి ముందేమైంది. సొంత అభిప్రాయం ఒక్కటి రాయొద్దు.

"అభిప్రాయం లేకుంటే మేమెందుకు మేడం?" అన్నడు ఒక సారు.

"దాన్ని ఇంట్ల పెట్టి రాండ్రి సార్, ఎవరు ఎత్తుకపోరు."

ఇగ ఆ పిల్ల సంగతి. పేరు సౌజన్య. తండ్రి దుబాయిల పని చేసుకుంట, అంతకు ముందటి చలికాలం అక్కడనే పాణం ఇడిసిండు. తల్లి బీడీలు చుడుతది. పిల్ల మంచి తెలివైంది. జూన్ల బడి తెరిసినంక పడిపోవుడు మొదలైంది. కూసున్నది కూసున్నట్టే పక్కకు ఒరుగుతది, చేతులు కొయ్యలైతయి, పండ్లు గిట్టకరుస్తయి. పదినిమిషాలకు లేస్తది, ఏమెరుగనట్టు చూస్తది. కామారెడ్డి దవాఖానల పరీక్షలన్ని చేసి ఫిట్సు కాదు, ఏం లేదన్నరు. ఊర్లె గాలి సోకిందన్నరు, దర్గా కాడ తాయెత్తు కట్టించిండ్రు. లెక్కల సారు నాటకమన్నడు.

హెడ్మాష్టర్ సారు మాత్రం భయపడ్డడు. "ఏదన్న బెంచీ మూలకు తల తగిలితే ఎవరు జవాబుదారి? దసరా దాక చూస్త. ఆగకుంటే టీసీ రాసి ఇస్త" అని తల్లికి చెప్పిండు. టీసీ ఇస్తే వేరే బడి ఎవడిస్తడు, పడిపోయే పిల్లకు? చాట ముందటేసుకొని తల్లి పక్కన బీడీలు చుట్టాలె, రెండేండ్లకు ఎవనికో ఒకనికి కట్టబెడ్తరు. అది అందరికెరుకే. అందరు తలకాయ ఊపిండ్రు.

నేను నోటుబుక్కు మొదలు పెట్టిన. సార్లకిచ్చిన బుక్కులు అల్మారల పడ్డయి. నాది నడిచింది. అంత గర్వం నాకు.

నెలకు ఆమె మా బడి చూడనీకే వచ్చింది. వచ్చుడు వచ్చుడే వంటింట్లకు పోయి, అన్నం వండే పోశవ్వ పక్కన పీట ఏసుకున్నది. పోశవ్వ నోరు పెద్దది. "మస్తు మంది ఆఫీసర్లొచ్చిండ్రు, మస్తు రాసుకపోయిండ్రు. పప్పు మాత్రం గదే పలుసన" అన్నది. ఈమె నవ్వి, పప్పు పోయించుకొని తిని, పలుసనే అని ఒప్పుకున్నది. తర్వాత నా బుక్కు అడిగింది. ఇచ్చిన. రెండు పేజీలు తిప్పి, మళ్ళ నా చేతుల పెట్టి, "నర్సన్నా, మీరే చదువుండ్రి. సౌజన్యది చదువుండ్రి, పెద్దగ" అన్నది.

గొంతు సవరించుకొని చదివిన.

"మంగళవారం. మూడో పిరియడు. సౌజన్య పడ్డది. ఉన్నది, లెక్కల సారు, నేను."

"బరం. దానికి ముందేమైంది?"

"సారు లెక్క చెప్తున్నడు. నేను నోటీసు బుక్కు తీస్కపోయిన."

"రెండోది."

"శుక్రవారం. ఐదో పిరియడు. ఉన్నది, తెలుగు మేడం, నేను. దానికి ముందు, మేడం పద్యం పాడుతున్నది. పిల్లలు నవ్వుతున్నరు. నేను సెలవు నోటీసు తీస్కపోయిన."

"మూడోది."

"సోమవారం. మొదటి పిరియడు. హిందీ సారు రాలే. తరగతిల పిల్లలు తప్ప పెద్దోళ్ళెవరు లేరు. దానికి ముందు..."

కాగితం మీద నా అక్షరాలే, నా చేత్తోని గుండ్రంగ, ముత్యాల లెక్క రాసుకున్నవే. మిగిలిన మాట చదవలేకపోయిన. పోశవ్వ గంటె ఆపి నా దిక్కు చూసింది. ఆమె మాత్రం ఎత్తిపొడవలే, పాపమని చూడలే. డబ్బా మూత తీసింది.

నేను సోంపు పట్టలే. లేచిన.

"అంటే నేనా? ముప్పై ఏండ్ల సంది ఈ పిల్లల ముక్కులు తుడిసిన, కింద పడితే ఎత్తుకున్న, ఆఖరికి ఆ పిల్లను నేను పడగొడుతున్ననా? దీనికేనా నన్ను ట్రైనింగుకు పిలిసింది?"

"తప్పెవరిదని నేను అడుగలే నర్సన్నా. ముందేమైందని అడిగిన."

బుక్కు అక్కడనే పారేసి పోయి గంట కాడ నిలబడ్డ. పిరియడు కాకముందే కొట్టిన. సార్లు బయటికొచ్చి గడియారాలు చూసుకున్నరు. ఆమె ఎంబడి రాలే. వంటింటి గడప మీద కూసొని, పోశవ్వతోని బియ్యంల రాళ్ళు ఏరింది. ఒక బస్సు పోయింది. రెండో బస్సు పోయింది. గంట కాడ నిలబడి ఆ బస్సులను చూసిన కొద్ది నా మతికి ఒక్కొక్కటి తట్టింది.

మా దిక్కు సావు కబురును సావని చెప్పరు. పానం బాగలేదు, జల్ది రా అంటరు. మనిషి తొవ్వల కూలిపోకుండ ఇల్లు చేరాలె గద. బడికి గట్ల కబురొస్తే హెడ్మాష్టర్ సారు చిట్టీ రాస్తడు. దాన్ని పట్టుకొని తరగతి దర్వాజల నిలబడి, పేరు పిలిచి, సంచి తీస్కొని రమ్మనేది నేను. ముప్పై ఏండ్లల ఎంతమందిని గట్ల పిలిచిననో! ప్రతి ఒక్కరికి ఒక అబద్ధం చెప్పి తోలిన. అది నా మంచితనమనుకున్న.

సౌజన్యను గట్లనే పిలిచిన. అప్పుడు ఏడో తరగతి. ఆ పిల్ల సంచి ఏసుకొని, కండ్లు మెరుసుకుంట, "మా నాయన ఫోన్ చేసిండా తాతా?" అన్నది. పండుగకు వస్తనన్నడట, ఆ ఫోనుకే ఎదురుచూస్తున్నదట. నా నోట్లకెల్లి మాట దానంతటదే జారింది. "ఔ బిడ్డా, ఉరుకు" అన్న. ఉరికింది.

అంత మతి ఉన్నోన్ని, ఆ ఒక్కటి ఎట్ల మరిచిన? మరిచినట్టు పెట్టుకున్న, అంతే.

గంట కాడికెల్లి వంటింటి కాడికి పోయి, అదంత చెప్పిన. ఆమె బియ్యం ఏరుడు ఆపలే. చెప్పుడైనంక, "బరం. ఇప్పుడేం చేద్దామంటరు?" అన్నది.

"మీరు చెప్పాలె మేడం. చదువుకున్నోళ్ళు."

"ఆ పిల్లకు అబద్ధం చెప్పింది నేను కాదు గద. నేనేం చెప్త?"

మాట సురుక్కుమన్నది. కాని నిజం. తెల్లారి మధ్యాహ్నం అన్నాలైనంక సౌజన్యను వంటింటి అరుగు మీదికి పిలిపిచ్చిన. పిలువనీకే నేను పోలే, పోశవ్వను పంపిన. మేడం మళ్ళ కామారెడ్డికెల్లి వచ్చింది గని దగ్గర కూసోలే, దూరంగ బోరింగు కాడ గొడుగు పట్టుకొని నిలబడ్డది. పిల్ల గోడకు ఆనుకొని కూసున్నది. చిట్టీ ఏం లేదని నా రెండు చేతులు ఖాళీగ చూపిచ్చి, చెప్పిన.

"ఆనాడు నీకు నేను అబద్ధం చెప్పిన బిడ్డా. మీ నాయన ఫోన్ చెయ్యలే. నాకెరుకనే, ఎరిగే చెప్పిన. తప్పు నాది."

పిల్ల మెల్లగ అన్నది. "నేను నవ్వుకుంట పోయిన తాతా. ఇంట్లకు ఉరికి, నాయన లైన్ల ఉన్నడా అని నవ్వుకుంటనే అడిగిన. అందరు నన్ను చూసి ఇంక ఎక్కువ ఏడ్చిండ్రు. మా మేనత్త, నాయన సస్తే పండ్లికిలిస్తున్నవేందే అని ఈపుల కొట్టింది."

పోశవ్వ బోరుమన్నది. పిల్ల ఏడ్వలే. "నువ్వు దర్వాజల నిలబడితే, ఇప్పుడు అమ్మ పోయిందేమో అనిపిస్తది తాతా. నువ్వు నోరు తెరిసేదాక ఆగలేను" అన్నది.

అప్పుడు మేమిద్దరం ఒక మాట అనుకున్నం. నేను ఏ తరగతికి పోయినా, దర్వాజ దంక పోకముందే, కిటికీ కాడికెల్లే ఏం తెస్తున్ననో కేకేసి చెప్పాలె. ఒకవేళ ఎన్నడన్న నిజంగ చెడ్డ కబురే వస్తే, అబద్ధం చెప్పొద్దు. కూసోబెట్టి, ఎవరికేమైందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. నేను ఒట్టు పెట్టిన.

ఆ తెల్లారి సంది వరండాల నా కేకలే. "సెలవు నోటీసు! ఎవరికేం కాలే!" "బస్సు పాసుల కాగితం! ఎవరికేం కాలే!" వారానికి పిల్లలంత పట్టుకున్నరు. నేను సెలవు నోటీసు అనంగనే ఆరో తరగతికెల్లి పదో తరగతి దాక, "ఎవరికేం కాలే!" అని కోరస్. హెడ్మాష్టర్ సారు, "నర్సయ్యా, ఇది బడా, బస్టాండా?" అని కోపం చేసిండు.

కథైతే ఇక్కడికి బాగైపోవాలె. కాలే. దసరాకు వారముందనంగ పై ఆఫీసరు తనిఖీకి వచ్చిండు. హెడ్మాష్టర్ సారు, "ఎనిమిదో తరగతి హాజరు పట్టీ తే, ఉరుకు, ఉరుకు" అని తొందర పెట్టిండు. కేకేసుడు మరిచి, ఉరుక్కుంట దర్వాజల పోయి నిలబడ్డ. పిల్ల నా మొఖం చూసింది, ఒరిగింది. నా ఎనకనే వచ్చిన ఆఫీసరు కండ్ల ముందటనే.

తెల్లారి తల్లిని పిలిపిచ్చిండ్రు. తంబాకు పట్టిన వేళ్ళు కొంగుల దాసుకొని నిలబడ్డది. టీసీ బుక్కు బల్ల మీదికి వచ్చింది. నేను బయటికి పోయి మేడంకు ఫోన్ చేసిన. ఆ ఒక్కనాడు ఆమె ఆలస్యం చెయ్యలే. వచ్చే బస్సుకే దిగింది.

ఆమె కోపం చూసింది ఆనాడే. "ఒక పిల్ల పడితే పట్టుకోవాల్సింది పోయి, బయటికి నూకుతరా సార్?" అని బల్ల మీద గొడుగు కొట్టింది. ఉన్న కమ్ములల్ల ఇంకోటి ఇరిగింది.

హెడ్మాష్టర్ సారు సుత మెత్తటోడు కాదు. "మీరు నెలకొకసారి వస్తరు, మంచి మాటలు చెప్పి బస్సెక్కుతరు. పడ్డనాడు ఎత్తేది మేము. రేపు పిల్లకేమన్న అయితే ఊరోళ్ళు పట్టేది నా కాలరు, మీది కాదు."

ఆమె "నిజమే" అన్నది. ఎదుటోడు నిజం చెప్తే గంతే జల్ది ఒప్పుకునేది. సోంపు డబ్బా తీసి హెడ్మాష్టర్ సారు ముందట పెట్టింది. ఆయన ఏం చేయాల్నో తోచక రెండు గింజలు నోట్లేసుకున్నడు. "నెల రోజులియ్యిండ్రి. నిజామాబాదుల మనసు డాక్టరు కాడికి తల్లిని, పిల్లను నేను తీస్కపోత. వారానికి రెండు రోజులు వచ్చి ఎనిమిదో తరగతిల కూసుంట. ఏమన్న అయితే బాధ్యత నాదని రాసిస్త."

రాసిచ్చింది. సంతకం పెట్టింది. ఆ కాగితం ఫైలుల పెట్టింది నేనే.

డాక్టరు కాడికి తీస్కపోయింది, అన్నట్టే బడికి వచ్చింది. ఆఖరి బెంచీల, ఆ పొడుగు మనిషి మోకాళ్ళు బల్లకు తగులుకుంట కూసొని లెక్కలు రాసుకునేది. ఆమెకు లెక్కలు రాకపోయేటివి. మా సారు ఆమెను నిలబెట్టి అడిగిండు సుత, పిల్లలు పడిపడి నవ్విండ్రు. ఆ నవ్వుల సౌజన్య నవ్వు ఉన్నదని నాకు చెప్పింది ఆ సారే. "నర్సయ్యా, సౌజన్య నవ్వింది" అని వరండాలకు వచ్చి మరీ చెప్పిండు. ఫిట్సు పిల్ల అనలే. నెల దాటింది, రెండు నెలలు దాటినయి. పిల్ల మళ్ళ పడలే. టీసీ బుక్కు అల్మారలకు పోయింది. కొత్త సంవత్సరం నాటికి హెడ్మాష్టర్ సారే తన గదిలకెల్లి తరగతికి పోయినప్పుడు, కిటికీ కాడ ఆగి, "నేనే! ఎవరికేం కాలే!" అనుడు మొదలు పెట్టిండు. తనకు తెల్వకుంటనే అనేటోడు.

ఇంత చేసిన మనిషిని ఏం చేసిండ్రనుకున్నరు? రెండేండ్లకు తీసేసిండ్రు. రిపోర్టులు టైముకు పంపలేదట. పంపకపోవుడు నిజమే, ఆమెకు కాగితమంటే బేజారు. ఒక్క పిల్ల కాడ రెండు నెలలు కూసుంటే మిగిలిన బడుల లెక్క ఎట్ల నిండుతది అని అడిగిండ్రట. ఆమె స్థానంల కొత్తోళ్ళు వచ్చిండ్రు. నేను రిటైరయ్యే ముందు ఆ ట్రైనింగు సుత చూసిన. ఎనక పెద్ద ఫ్లెక్సీ, ముందట గోడ మీద కంప్యూటరు బొమ్మలు, చేతుల సమోసాలు. ఉపాధ్యాయులు మాత్రమే అని కాగితంల కొట్టొచ్చినట్టు రాసిండ్రు. పొద్దున సంతకం, పొద్దుమీకి సంతకం, నడుమ ఫోటో. ఏ పిల్ల పేరు ఎవరికి యాదికి రాలేదో అడిగినోడు లేడు. నేను కుర్సీలేసి వచ్చిన.

ఆమె మాత్రం కోపం చెయ్యలే. అప్పుడప్పుడు ఫోన్ చేసేది. "నర్సన్నా, నోటుబుక్కు నడుస్తుందా?" అనేది. రిటైరైన అంటే, "అయితే ఏంది, ఇంట్ల మనుషులు లేరా?" అనేది. పానం బాగలేదని ఒక్కసారి సుత చెప్పలే. నాకంటే చిన్నది. పానం ఎట్లున్నదని అడుగనందుకు ఇప్పుడు నా మీద నాకే కోపం.

నాలుగు రోజుల కింద పొద్దుగాల అరుగు మీద కూసొని పేపరు చదువుతున్న. వాకిట్ల గేటు అవతల ఎవరో ఆగిండ్రు. సౌజన్య. కామారెడ్డిల నర్సు పని నేర్చుకుంటున్నది, తెల్ల బట్టల మీదనే వచ్చింది. లోపలికి రాలే. అక్కడనే నిలబడి, ఖాళీ చేతులు రెండు నాకు కనబడేటట్టు గేటు మీద పెట్టింది.

"తాతా, చెడ్డ కబురు తెచ్చిన. నీ ఇంటోళ్ళకు ఎవరికేం కాలే. పేపరు పక్కకు పెట్టు."

పెట్టిన.

"మన మేడం చచ్చిపోయింది. ఈ పొద్దు తెల్లారంగ, దవాఖానల. నేను పక్కనే ఉన్న."

అప్పుడు గేటు తీసి వచ్చి, నా పక్కన కూసున్నది. ముప్పై ఏండ్లు సావు కబురు దాసి పిల్లలను ఇండ్లకు తోలిన మనిషిని. ఒక సావు కబురు ఎట్ల చెప్పాల్నో, గంత తీరుగ, గంత ఇజ్జతుగ, నాకు ఎవరన్న చెప్పుడు అదే మొదటిసారి. నేను కూలిపోలే. నా నోట్లకెల్లి మేడం మాటే వచ్చింది.

"బరం. దానికి ముందేమైంది బిడ్డా?"

సౌజన్య కండ్లు తుడుసుకున్నది. "దానికి ముందు, డాక్టరు వచ్చి మేడంను మాట్లాడొద్దని గట్టిగ కోపం చేసిండు తాతా. ఆమె సోంపు డబ్బా తీసి ఆయన చేతుల పోసింది."

చెప్పుకుంట చెప్పుకుంటనే ఆ పిల్లకు నవ్వొచ్చింది. వెంటనే బెదిరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, నా దిక్కు చూసింది.

నేను ఆ చెయ్యి పట్టుకొని కిందికి దించిన. నేను సుత నవ్విన.